ముందు వరస కిటికీ సీటు

అఫ్సానాకి నోరెక్కువ. పటమటలంకలో ఆ సందులో ఎవర్ని అడిగినా ఈ మాట చెబుతారు, కొందరు నవ్వుతూ, కొందరు మూతి ముడిచి. ఎనిమిదేళ్ల వయసులోనే పాలవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి నీళ్ల సంగతి తేల్చుకుంది. టెన్త్‌లో లెక్కల మాస్టారు బోర్డు మీద చేసిన లెక్క తప్పని లేచి చెప్పింది. తప్పు కాదని తేలాక కూడా, "అయితే ఇంకొంచెం అర్థమయ్యేట్టు రాయాల్సిందండీ" అనేసి కూర్చుంది. ఆ నోటిని తలుచుకుని తల్లి కుల్సుం బెంగపడేది. తండ్రి కాశిం పైకి కసురుకునేవాడు గానీ, టీ కొట్టు దగ్గర తోటి డ్రైవర్లకి ఆ కథలన్నీ ఒకటికి రెండు కలిపి చెప్పుకునేవాడు. ఇంట్లో తనే కావాలని రెచ్చగొట్టేవాడు. కూరలో ఉప్పు ఎక్కువైందా తక్కువైందా అన్నదాని మీద కూడా తండ్రీకూతుళ్లు అరగంట వాదించుకోగలరు. ఆఖరికి ఎప్పుడూ తప్పు కాశిందే అయ్యేది. "తప్పు నీదే నాన్నా" అని కూతురు చెయ్యి కడుక్కోవడానికి లేస్తే గానీ అతనికి తిన్నది అరిగేది కాదు.

ఈసారి వాదన ఉప్పు గురించి కాదు. ఎంసెట్‌లో అఫ్సానాకి మంచి ర్యాంకు వచ్చింది. ఆ ర్యాంకుకి విశాఖలోని పెద్ద యూనివర్సిటీలోనూ సీటొస్తుంది, కంకిపాడు దాటాక కాలువ పక్కన కట్టిన చిన్న ప్రైవేటు యూనివర్సిటీలోనూ వస్తుంది. వెబ్ ఆప్షన్లలో ఏది ముందు పెడితే అది. ఫీజు గొడవ రెండుచోట్లా లేదు. అక్కడ ప్రభుత్వం కడుతుంది, ఇక్కడ స్టాఫ్ పిల్లలకి యాజమాన్యమే వదిలేస్తుంది. ఆ ప్రైవేటు యూనివర్సిటీ బస్సు నడిపేది కాశిమే.

కాశిం మనసులో ఒక సీటుంది. డోరు వెనక మొదటి వరసలో కిటికీ పక్క సీటు. తల మీది అద్దంలోకి చూస్తే రోడ్డు కంటే ముందు అదే కనిపిస్తుంది. ముందు వరసలు లెక్చరర్లవి. ఆ సంగతి ఎక్కడా రాసి లేదు గానీ అందరూ పాటిస్తారు. క్యాంటీన్ వాళ్లూ ఊడ్చేవాళ్లూ సీట్లు ఖాళీగా ఉన్నా వెనక కడ్డీ పట్టుకుని నిలబడే వస్తారు. అయినా కాశిం, పోయినేడు ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జి జయకృష్ణ మంచి మూడ్‌లో ఉన్నప్పుడు చూసి, మా అమ్మాయి ఇక్కడే చేరితే ఆ సీటులో కూర్చోనిస్తారా సార్ అని అడిగాడు. "చూద్దాంలేవయ్యా, నేనున్నానుగా" అన్నాడాయన. ఆ మాట పట్టుకుని కాశిం ఏడాది గడిపాడు. ఆ కిటికీ ఒకటి జరగక మొరాయిస్తుంటే, సబ్బు ముక్క తెచ్చి గాడి పొడుగునా రుద్ది, అటూ ఇటూ లాగి, మళ్లీ రుద్ది, చిటికెన వేలితో తోస్తే జరిగేట్టు చేశాడు. కూతురికి ఈ సంగతి చెప్పకుండా ఉండలేకపోయాడు.

"సబ్బు రాశావా? అయితే ఇంకేం, పెద్ద యూనివర్సిటీలో కిటికీలకి సబ్బు రాయరు, మానేస్తాలే" అంది అఫ్సానా.

"ఎగతాళి కాదే. విశాఖలో అంతగా ఏముందో చెప్పు."

"తప్పిపోవచ్చు నాన్నా."

టెన్త్‌లో స్కూలు వాళ్లు సైన్స్ ఎగ్జిబిషన్‌కని తీసుకెళితే, గుంపు నుంచి విడిపోయి ఆ యూనివర్సిటీలో గంటసేపు ఒక్కతే తిరిగింది. ఏడవాల్సింది పోయి, ఆ తిరుగుడు ఇప్పటికీ మొహమంతా వెలిగించుకుని చెబుతుంది. "ఒక డిపార్ట్‌మెంట్ దాటితే ఇంకోటి, అది దాటితే ఇంకోటి. వరండాలో ఇద్దరు మేష్టర్లు అరుచుకుంటన్నారు, దేనికా అని చూస్తే ఏదో ఈక్వేషన్ కోసం. మెట్ల మీద ఎవరో పుస్తకం మొహాన వేసుకుని నిద్రపోతన్నారు. నేను అన్ని గదుల్లోకీ తొంగిచూశాను. నువ్వెవరమ్మాయివి అని ఒక్కళ్లు అడగలేదు నాన్నా."

"అదేగా నా భయం. ఎవరమ్మాయివని అడిగే దిక్కు లేని చోట జొరమొస్తే ఎవరు చూస్తారు?"

"డాక్టరు చూస్తాడు."

కుల్సుం కుట్టుమిషన్ మీద ఎవరిదో చీరకి ఫాల్ వేస్తోంది. మిషన్ ఆపకుండానే అందుకుంది. "హాస్టల్లో మంచానికి ఇద్దరంట. నీళ్లకి బకెట్లు పట్టుకుని నిలబడాలంట. ఇక్కడైతే నాన్న బస్సులో ఎక్కి నాన్న బస్సులో దిగుతావు. ఆడపిల్లకి ఇంతకన్నా ఏం కావాలే?"

"దిగడానికి ఇంకో చోటు కావాలమ్మా" అంది అఫ్సానా.

కాశిం ఓడిపోయే లక్షణాలు కనిపించి ఎత్తు మార్చాడు. ఆ వారం తల్లిదండ్రులకి కాలేజీ చూపించడానికి యాజమాన్యం బస్సులు తిప్పుతోంది. ఆప్షన్లకి ఆదివారం దాకా గడువుంది. "రెండ్రోజులు నా బండెక్కి వచ్చి చూడు. చూసి తిట్టు. చూడకుండా తిట్టడం న్యాయం కాదు గదా" అన్నాడు. న్యాయం అనేసరికి ఆ పిల్లకి కాదనడానికి లేకపోయింది.

శుక్రవారం పొద్దున కాశిం బస్సు తుడిచి, బిస్మిల్లా అనుకుని తాళం తిప్పాడు. అద్దం కింద యాజమాన్యం కట్టించిన నిమ్మకాయలు ఊగుతున్నాయి. కానూరులో ఎక్కిన క్యాంటీన్ మార్త శిలువ గుర్తు వేసుకుని, అలవాటుగా వెనక్కి వెళ్లి కడ్డీ పట్టుకుంది. ఇంతమంది దేవుళ్లని ఎక్కించుకున్నాక బండికి ఏమవుతుందని కాశిం ధైర్యం.

అఫ్సానా ముందు వరస కిటికీ దగ్గర కూర్చుంది. కాశిం అద్దాన్ని రవంత కిందకి వంచాడు. చున్నీ అంచు గాలికి ఎగురుతోంది, పెదాలు ఏదో గొణుగుతున్నాయి. బహుశా బస్సులో తప్పులు లెక్కపెడుతోంది. పోరంకిలో ఎక్కిన ఒక లావుపాటాయన, పేరు రామకోటేశ్వరరావని తనే అందరికీ చెప్పుకున్నాడు, ఆమె దగ్గరికొచ్చి, "లేమ్మా, ముందు సీట్లు పెద్దవాళ్లకి" అన్నాడు.

"పెద్దవాళ్లంటే ముసలివాళ్లాండీ?"

"అది కాదమ్మా..."

"మీకు నడుం నొప్పి ఉంటే లేస్తానండీ. లేకపోతే వెనక అన్నీ ఖాళీయే. ముందు కూర్చున్నా వెనక కూర్చున్నా బస్సు ఒకేసారి వెళుతుంది."

ఆయన తనకి నడుం నొప్పి ఉందని చెప్పుకోవడానికి ఇష్టపడక వెనక్కి వెళ్లాడు. అంతటితో ఊరుకుందా, తల తిప్పి మార్తని పిలిచింది. "పిన్నిగారూ, ఇక్కడ ఖాళీగా ఉంటే అక్కడ నిలబడ్డారేంటండీ? రండి." మార్త కంగారుగా అద్దంలోంచి కాశిం వంక చూసింది. కాశిం గేరు మార్చే పనిలో ఉన్నట్టు నటించాడు. మార్త వచ్చి సీటు అంచున సగమే కూర్చుంది. కంకిపాడు చేరేసరికి పూర్తిగా కూర్చుని, క్యాంటీన్‌లో సాంబారు ఎందుకు పల్చగా ఉంటుందో కూడా చెప్పేసింది.

కాలేజీ అఫ్సానాకి నచ్చదని కాశిం భయపడ్డాడు గానీ, నచ్చింది. నచ్చకపోవడానికి ఏముంది, గదులు శుభ్రంగా ఉన్నాయి, క్లాసుకి పిల్లలు తక్కువ, లెక్చరర్లకి అందరి పేర్లూ తెలుసు. ఎలక్ట్రానిక్స్ ల్యాబులో హెప్సిబా మేడమ్ అనే ఆవిడ, ఈ పిల్ల అడిగే ప్రశ్నలకి విసుక్కోకుండా సోల్డరింగ్ కడ్డీ చేతికిచ్చి, "అడిగింది చాలు, అంటించి చూడు" అంది. అఫ్సానా రెండు తీగలు అంటించి, మూడోది చురుక్కుమనిపించుకుని, వేలు నోట్లో పెట్టుకునే నాలుగో ప్రశ్న అడిగింది. సెమినార్ హాల్లో అయితే, తెర మీద బొమ్మలు వేసి ఉద్యోగాల గురించి చెబుతున్న కుర్రాణ్ణి ఆపి, ఆ ఉద్యోగాల్లో ఏడాది తర్వాత కూడా ఎంతమంది ఉన్నారని అడిగింది. హాలంతా తిరిగి చూసింది. వెనక తలుపు దగ్గర నిలబడ్డ కాశిం, ఆ పిల్ల ఎవరో తనకి తెలియనట్టు పైకి ఫ్యాను వంక చూస్తూ, లోపల పొంగిపోయాడు.

తిరుగు ప్రయాణంలో అందరూ దిగాక అడిగాడు. "ఎట్లా ఉంది?"

"పర్లేదు నాన్నా మీ కాలేజీ. ఆ మేడమ్ బాగుంది." కిటికీని చిటికెన వేలితో తోసింది. సాఫీగా జరిగింది. "సబ్బు కూడా బాగుంది."

ఆ సాయంత్రం కాశిం ఖీమా పట్టుకుని ఇంటికెళ్లాడు.

శనివారం బయల్దేరడం వేళకే బయల్దేరారు. కంకిపాడు దాటాక కాలువ వంతెన మీద ఒక ట్రాక్టరు ఆగిపోయి ఉంది. దాని వెనక తగిలించిన ట్రక్కు చక్రం ఊడి, వరినారు కట్టలు సగం రోడ్డు మీద పడ్డాయి. అప్పుడే కాలువలు వదిలారు, చుట్టుపక్కల నాట్లు మొదలయ్యాయి. పొద్దున్నే పీకిన నారు ఎండలో అలా పడి ఉంటే వాడిపోతుంది. ఆ దారిలో ఏ డ్రైవరూ నారు బండి వెనక హారన్ కొట్టడు, దిగి చెయ్యి వేస్తాడు. కాశిం కూడా ఆలోచించకుండా దిగాడు. ఇవాళ కూడా చూడ్డానికొచ్చిన రామకోటేశ్వరరావు పంచె ఎగ్గట్టి దిగాడు, ఆయన నడుముకి ఏ నొప్పీ లేదని అప్పుడు తేలింది. అఫ్సానా చున్నీ నడుముకి చుట్టి, బురద కారుతున్న కట్టలు చేతికొకటి చొప్పున మోసి గట్టు నీడన పేర్చింది. ట్రక్కుని పక్కకి జరిపి దారి అయ్యేసరికి ఆలస్యం బాగానే అయింది. బస్సులో మిగిలినవాళ్లు కొందరు గడియారాలు చూసుకున్నారు.

గేటు దగ్గర జయకృష్ణ నిలబడి ఉన్నాడు. ముప్పై ఐదేళ్లుంటాయి, ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు. దిగుతున్న ఒక్కొక్కరికీ నవ్వుతూ నమస్కారం పెట్టాడు. "సారీ అండీ, చాలా సారీ. టిఫిన్ చల్లారకుండా చూశామండీ. ఇలా రండమ్మా." ఆఖరి తల్లి కూడా లోపలికి వెళ్లిందాకా ఆ నవ్వు అలాగే ఉంది. ఆ తర్వాత డ్రైవరు పక్క డోరు దగ్గరికి వచ్చాడు.

"నీకు బుద్ధుందా లేదా అసలు? వైస్ ఛాన్సలర్ గారు కూర్చుని ఎదురుచూస్తన్నారు. ఊళ్లో వాళ్ల నారు మొయ్యడానికా నీకు జీతమిచ్చేది?"

కాశిం దిగాడు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో అతనికి బాగా వచ్చు. ముందు చక్రం పక్కన నిలబడి, ఎదుటివాడి మొహం కాకుండా టైరు చూడాలి. గాలి సరిపోయిందా అన్నట్టు కాలితో ఒకసారి తట్టాలి. మధ్యమధ్యలో "తప్పే సార్" అంటుండాలి. కాసేపటికి ఆగిపోతుంది, వాన లాగా. ఇన్నేళ్లలో ఎందరో ఇన్‌ఛార్జులు మారారు గానీ ఈ పద్ధతి ఎవరి దగ్గరా విఫలం కాలేదు. పైగా జయకృష్ణ చెడ్డవాడేం కాదు. పండక్కి సెలవడిగితే ఇస్తాడు, కుల్సుంకి ఒంట్లో బాగోనప్పుడు కారిచ్చి పంపాడు. కాకపోతే తిట్టడం కూడా తన డ్యూటీలో భాగమనుకుంటాడు.

"తప్పే సార్" అంటుండగా బస్సు మెట్ల మీద చప్పుడైంది. అఫ్సానా ఇంకా దిగలేదన్న సంగతి కాశిం మర్చిపోయాడు. ఇప్పుడు ఇది నోరు తెరుస్తుంది, ఉద్యోగం ఊడుతుంది. వద్దని కళ్లతోనే బతిమాలాడు.

అఫ్సానా వచ్చి తండ్రి పక్కన నిలబడింది. బురద చేతులు వెనక్కి పెట్టుకుంది.

"తప్పు మాదేనండీ సార్" అంది. "నేనే ఆపమన్నాను బస్సు. ఇంకోసారి జరగదండీ."

జయకృష్ణ ఆగిపోయాడు. "నువ్వు... కాశిం కూతురివా? అరె, ముందే చెప్పొద్దా?" గొంతు పూర్తిగా మారిపోయింది. "మన పిల్లే. ఏం పర్లేదమ్మా. మంచి ర్యాంకంటగా, ఇక్కడే చేరిపో, నేనున్నాను, అన్నీ నేను చూసుకుంటా. మీ నాన్నలాగే నెమ్మదస్తురాలివి." ఆమె భుజం తట్టబోయి, బురద చూసి ఆగి, లోపలికి వెళ్లిపోయాడు.

కాశింకి ఊపిరి వచ్చింది. పిల్లకి ఎంత తెలివి, ఎంత సమయస్ఫూర్తి అనుకున్నాడు. పొగుడుదామని పక్కకి తిరిగాడు. అఫ్సానా ఇంకా టైరు వంకే చూస్తోంది.

ఆ రోజంతా కాశింకి ఏదో ముల్లు గుచ్చుకున్నట్టు ఉంది, ఎక్కడో తెలియలేదు. సెమినార్ హాల్లో నిన్నటి కుర్రాడు నిన్నటి బొమ్మలే వేశాడు. అఫ్సానా చెయ్యెత్తలేదు. ఎవరో పెద్దావిడ నీళ్లేవని అడిగితే లేచి వెళ్లి సీసా తెచ్చిచ్చింది, ఆవిడ ఈ పిల్ల ఇక్కడ పనిచేస్తుందనుకుని ఖాళీ ప్లేటు కూడా చేతికిచ్చింది, అదీ పట్టుకెళ్లి పెట్టొచ్చింది. ల్యాబు వైపు అసలు వెళ్లలేదు. టీ పోస్తూ మార్త అంది, "మీ పిల్లకి ఒంట్లో బాగాలేదా కాశిం గారూ? ఇయ్యాల ఒక్కటీ అడగలా."

తిరుగు ప్రయాణంలో ఎవరో ముందు సీటు దగ్గరికొచ్చి అఫ్సానా వంక చూశారు. లెమ్మని అననే లేదు, చూశారంతే. ఆమె లేచి వెనక్కి వెళ్లి కడ్డీ పట్టుకుని నిలబడింది, మార్త పక్కన. కాశిం అద్దం పైకి తిప్పాడు, కిందకి తిప్పాడు. ఎటు తిప్పినా ఆ సీటులో ఎవరిదో బట్టతల కనిపించింది. కూతురు అద్దంలో ఎక్కడా దొరకలేదు.

ఇంటికొచ్చాక అఫ్సానా మొహం కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ మామూలుగా చెప్పింది. "మీ కాలేజీనే ముందు పెడతాను నాన్నా."

కుల్సుం కుట్టుమిషన్ మీద నుంచి లేచి కూతురికి దిష్టి తీసినట్టు మెటికలు విరిచింది. నిన్నటి ఖీమా మిగిలింది ఉంది, వేడి చేసి పెట్టింది. కాశిం కోరుకున్నది కోరుకున్నట్టు జరిగింది. అతనికి ముద్ద దిగలేదు.

"ఉప్పు తక్కువైనట్టుందే" అన్నాడు, ఎర వేస్తున్నట్టు.

"అవునేమో నాన్నా" అంది అఫ్సానా, తలెత్తకుండా.

ఆ పిల్ల పక్కింటికి వెళ్లాక కుల్సుం అడిగింది. "ఏమైందండీ మీకు? ఇన్ని వారాల్నుంచి దాని వెంటపడ్డారు, తీరా సరేనంటే ఆ మొహమేంటి?"

కాశిం జరిగింది చెప్పాడు. కుల్సుం శ్రద్ధగా వింది. "మంచిదే గదా. ఎక్కడ నోరు మూసుకోవాలో ఇప్పటికైనా తెలిసింది దానికి" అంది.

"మంచిదే" అన్నాడు కాశిం. ప్లేటులో అన్నం కెలుకుతూ ఉండిపోయాడు. "తప్పే సార్ అనడం నాకు రావడానికి ఏళ్లు పట్టింది కుల్సుం. మొదట్లో రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు, నీకు తెలుసుగా. దానికి ఒక్క పూటలో వచ్చేసింది. నాకంటే బాగా అంది."

కుల్సుం అతని ప్లేటు తీసుకుని, అన్నం మీద ఇంకో ప్లేటు మూత పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం. ఆప్షన్లు ఖాయం చెయ్యాలంటే ఫోనుకి ఓటీపీ రావాలి. అప్లికేషన్‌లో ఇచ్చిన నెంబరు కాశింది. అఫ్సానా లోపల మంచం మీద తల్లి ఫోను పట్టుకుని కూర్చుంది, కాశిం గుమ్మంలో కూర్చుని చెప్పులకి మేకు కొట్టుకుంటున్నాడు. జేబులో ఫోను గుర్రుమంది.

"నాన్నా, ఓటీపీ వచ్చుంటది, చెప్పు."

కాశిం ఫోను తీసి చూశాడు. మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "ముందు ఏది పెట్టావు?"

"మీ కాలేజీ. చెప్పానుగా."

"అయితే చెప్పను."

అఫ్సానా బయటికొచ్చింది. "ఆటలొద్దు నాన్నా, టైమైపోద్ది."

"పోనీ. ఇంకోటి పంపుతారు. విశాఖ ముందు పెట్టు, చెప్తా."

"విశాఖా? మొన్నటిదాకా నువ్వేగా, జొరమొస్తే ఎవరు చూస్తారన్నావు?"

"డాక్టరు చూస్తాడన్నావుగా నువ్వు."

"మంచానికి ఇద్దరు పడుకుంటారంట."

"పడుకో. కబుర్లు చెప్పుకోవచ్చు."

"నీకేమైంది నాన్నా? హెప్సిబా మేడమ్ లాంటి ఆవిడ అక్కడ ఉంటుందని గ్యారంటీ ఏంటి?"

కాశిం సుత్తి పక్కన పెట్టాడు. "ఉండకపోవచ్చు. ఆవిడ మంచావిడే. మా కాలేజీ కూడా మంచిదే. వేరేవాళ్ల పిల్లలకి."

"నాకెందుకు కాదు?"

"నువ్వు చెప్పు ముందు. నిజంగా ఆ కాలేజీ చూసే పెట్టావా?"

అఫ్సానా గుమ్మానికి ఆనుకుంది. చున్నీ కొస వేలికి చుట్టింది, విప్పింది. ఆ తర్వాత ఒక్కసారిగా వచ్చింది మాట. "నేను బస్సులో ఉంటే ఆయన నిన్ను అట్లా అనడు నాన్నా. చూశావుగా నిన్న, నేను దిగంగానే గొంతు మారింది. నేను నాలుగేళ్లు ఆ సీట్లో కూర్చుంటే నాలుగేళ్లు నిన్ను ఎవరూ ఏమనరు. విశాఖ పోయి నేను ఎట్లా చదువుతా? ఇక్కడ నువ్వు టైరు పక్కన నిలబడుంటే?"

కాశిం కళ్లు చెమ్మగిల్లాయి. దాచుకోలేదు, భుజం మీది తువ్వాలుతో తుడుచుకున్నాడు. తను కళ్ల ముందు ఉంచుకుని చూసుకుందామనుకున్న కూతురు, తనని కాపలా కాయడానికి వస్తోందన్నమాట.

"అంటాడే" అన్నాడు. "నువ్వుంటే ఇంకొంచెం నెమ్మదిగా అంటాడు. నువ్వు ఇంకొంచెం నెమ్మదిగా పడతావు. నా తప్పులకి నువ్వు చెప్పుకుంటావు సారీలు, నీ ప్రశ్నలకి నేను చెప్పుకుంటా. నాలుగేళ్లయ్యేసరికి నువ్వు అడగడమే మర్చిపోతావు."

"నువ్వు పడట్లా?"

"నేను పడతా. నాకు టైరుంది చూసుకోడానికి." మేకు కొడుతున్న చెప్పు పక్కకి జరిపాడు. "నిన్న నువ్వూ టైరే చూశావు అమ్మలూ. నీకు ఎవరు నేర్పారు? నేనేగా. లెక్కలు నాకు రావు, ఇంగ్లీషు నాకు రాదు, నేను నీకు నేర్పింది అదొక్కటే అయిపోయింది. అది వద్దు. అక్కడ ఎవరమ్మాయివని ఎవరూ అడగరన్నావుగా. అక్కడికెళ్లు."

ఫోను మళ్లీ గుర్రుమంది. లోపల కుట్టుమిషన్ ఎప్పుడు ఆగిందో ఆగింది.

అఫ్సానా ముక్కు చీదింది. మోచేత్తో మొహం తుడుచుకుంది. తర్వాత నడుం మీద చెయ్యి వేసుకుంది. ఆ చెయ్యి చూసి కాశింకి ప్రాణం లేచొచ్చింది.

"అయితే ఇదంతా ఎవరి తప్పు?" అంది. "మూడు వారాలు నా బుర్ర తిన్నావు. సీటన్నావు, సబ్బన్నావు. చూడకుండా తిట్టడం న్యాయం కాదన్నావు. నేను హాయిగా విశాఖ పోతానంటే పట్టి ఆపింది నువ్వు. ఇప్పుడు గడువైపోయే టైమ్‌కి ఓటీపీ జేబులో దాచుకుని నీతులు చెప్తన్నావు. తప్పు నీదే నాన్నా."

"నాదే" అన్నాడు కాశిం.

"ఊరికే నాదే అనకు. వాదించు."

"అబ్బే, మొత్తం నాదెట్లా అవుతుంది? సగం మీ అమ్మది. నాన్న బస్సులో ఎక్కి నాన్న బస్సులో దిగుతావు అన్నది ఎవరు?"

"మధ్యలో నన్ను లాగుతారేంటి?" అంటూ కుల్సుం చేతిలో దారపు ఉండతో గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ కళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి. "ముందు ఆ నెంబరేదో చెప్పండి దానికి. మంచానికి ఇద్దరైతే మాత్రం ఏం, దీని పక్కన పడుకునే పిల్ల పాపం చెవులు మూసుకుని పడుకుంటుంది."

కాశిం ఫోను తీశాడు. కళ్లజోడు లేకుండా అంకెలు కనపడక చెయ్యి దూరంగా చాపి, ఒక్కొక్కటే చదివాడు. అఫ్సానా ఒక్కొక్కటే కొట్టింది. ఓ అంకె తప్పు చదివాడు. దాని మీద ఇద్దరూ మళ్లీ మొదలుపెట్టారు.

సోమవారం పొద్దున గేటు దగ్గర జయకృష్ణ చాలా ఉత్సాహంగా ఉన్నాడు. పోయిన వారమంతా బస్సులు నిండుగా వచ్చాయి. కాశిం దిగి డిక్కీ తలుపు వేస్తుంటే దగ్గరికొచ్చాడు.

"ఏమయ్యా, మీ అమ్మాయి మన దగ్గరే కదా? ఆ సీటు సంగతి స్టాఫ్‌కి చెప్పి ఉంచాను."

"లేదండీ. విశాఖ పెట్టింది ముందు."

"అదేంటయ్యా?" ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "అంత పెద్ద చోట ఎవరు పట్టించుకుంటారు? ఇక్కడైతే నేనున్నాను. నేను చూసుకునేవాణ్ణి కదా."

"చూసుకుంటారు సార్, నాకు తెలుసు" అన్నాడు కాశిం. "అందుకేనండీ."

జయకృష్ణకి అర్థమైందో లేదో గానీ, ఎవరో పిలిస్తే వెళ్లిపోయాడు. తను మాట్లాడినంతసేపూ ఆయన మొహంలోకే చూశానని కాశింకి బండెక్కాక గుర్తొచ్చింది.

సాయంత్రం బస్సు బయల్దేరేటప్పుడు మార్త సంచీ భుజాన వేసుకుని ఎక్కి, ఎప్పట్లాగే వెనక్కి నడిచింది. ఆ రోజు లెక్చరర్లు ఇద్దరే ఉన్నారు, ముందు వరస ఖాళీ. కాశిం అద్దంలోకి చూసి పిలిచాడు.

"మార్తమ్మగారూ, ముందుకొచ్చి కూర్చోండి. ఆ కిటికీ దగ్గర."

"ఎందుకులే కాశిం గారూ, ఎవరన్నా ఏమన్నా అంటే?"

"అంటే నాకు చెప్పండి, నేను మాట్లాడతా."

మార్త వచ్చి, ఈసారి అంచున కాకుండా సీటంతా ఆక్రమించి కూర్చుంది. కాలువ మీదుగా వచ్చే గాలి కోసం కిటికీ మీద చెయ్యి వేసింది. మొరాయిస్తుందనుకుని బలంగా తోసినట్టుంది, అది సర్రున జరిగి చివరికంటా తెరుచుకుంది. వంతెన దగ్గర, శనివారం గట్టు నీడన పెట్టిన నారు పొలంలో నాటి ఉంది. కాశిం బండి నెమ్మది చేసి, చూసి, గేరు మార్చాడు.